నల్లబల్ల మీద మీథేన్

సంయోజనీయ బంధం మీద ప్రశ్న వస్తే నాకు ఏనాడూ మార్కులు తగ్గలేదు. రెండు పరమాణువులు ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడం వల్ల ఏర్పడే బంధమనీ, 1916లో లూయిస్ ఈ భావాన్ని ప్రతిపాదించాడనీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నడుమ కార్బన్, నాలుగు దిక్కులా నాలుగు హైడ్రోజన్లు, మధ్యన జంట చుక్కలు - మీథేన్ పూర్తి! ఆ అణువు వాకిట్లో ముగ్గులా బల్లపరుపుగా ఉంటుందని నేను మనసారా నమ్మిన సంగతి మాత్రం పేపరు దిద్దినవారికి తెలియదు.

మొదటి సంవత్సరంలో ఒక రాత్రి హాస్టల్లో నాకూ నా రూమ్మేటుకూ వాదం వచ్చింది. మీథేన్‌లో రెండు హైడ్రోజన్ల స్థానంలో రెండు క్లోరిన్లు పెడితే డైక్లోరోమీథేన్. కాగితం మీద ఆ క్లోరిన్లను పక్కపక్కనా వేయవచ్చు, ఎదురెదురుగానూ వేయవచ్చు. "అయితే రెండు పదార్థాలుండాలి గదా" అని నేను. "ఉన్నది ఒక్కటే గదరా, పుస్తకం చూడు" అని వాడు.

మర్నాడు ఆదివారం. బంకమట్టి ఉండలు కార్బన్లు, నానిన శనగలు హైడ్రోజన్లు, రేగుపళ్ళు క్లోరిన్లు, చీపురుపుల్లలు బంధాలు. ఏ రెండు పుల్లల మధ్యనైనా కోణం 109.5 డిగ్రీలు ఉండాలి. నా వల్ల కాలేదు. వాడు వడ్రంగి కొడుకు. మూడు పుల్లల్ని ముక్కాలిపీట కాళ్ళలా కిందికీ, నాలుగోదాన్ని నిటారుగా పైకీ క్షణంలో గుచ్చేశాడు. "చదువుకోమని పంపితే బొమ్మలాటలా బాబూ!" అన్నాడు మెస్సు వంటాయన.

చెరొకటీ చేశాం. నాది కాస్త తిప్పితే వాడిదే! పక్కపక్క, ఎదురెదురు అనే భేదం కాగితానిదే గాని అణువుది కాదు.

ఇదే వాదాన్ని 1874లో వాంట్ హాఫ్ అనే 22 ఏళ్ళ డచ్చి యువకుడు లోకం ముందు పెట్టాడని తర్వాత లైబ్రరీలో చదివాను. ఆయన అట్టతో చిన్న చిన్న నమూనాలు చేసి పేరున్న శాస్త్రజ్ఞులకు పంపాడట. కోల్బే వంటి పెద్దలు ఎద్దేవా చేశారు. అంతకు ముందు 1865లో లండన్‌లో హాఫ్‌మన్ బంతులూ కడ్డీలతో చూపించిన మీథేన్ బల్లపరుపుగానే ఉంది. అంటే నా పొరపాటు పెద్దలు పడినదే! మన మద్రాసులో రామచంద్రన్, కర్తా 1954లో కొల్లాజెన్‌కు మూడుపేటల నిర్మాణాన్ని ప్రతిపాదించిందీ నమూనాలు కట్టి చూసుకునే.

"పుల్ల ఎలక్ట్రాన్ జంట కాదు సుమా" అని మా లెక్చరర్ గారొకరు హెచ్చరించారు. నిజమే. నీటి అణువులో కోణం 104.5 డిగ్రీలకు ఎందుకు తగ్గిందో శనగలు చెప్పవు. అందుకు ఆక్సిజన్ మీద బంధంలో చేరకుండా మిగిలిన రెండు జంటల్ని తలచుకోవాలి. కాని 'ఎందుకు తగ్గింది?' అన్న ప్రశ్న నాకు పుట్టింది నమూనా చేతిలో ఉన్నప్పుడే. చుక్కలు పెడుతున్నన్నాళ్ళూ పుట్టలేదు.

మా డిపార్టుమెంటు బీరువాలో బంతులూ కడ్డీల పెట్టె ఒకటి ఉంది. విరుగుతాయన్న భయంతో తాళం తీయరు. విరిగితే ఏమవుతుంది? ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలిసిస్‌కు మార్కులున్నాయి, టైట్రేషన్‌కు మార్కులున్నాయి. అణువును చేత్తో కట్టి, అది ఎందుకలా ఉందో చెప్పగలిగినవాడికి ఒక్క మార్కూ లేదు. మొదటి ఏడాది రెండు పీరియడ్లు, పది మార్కులు దీనికి కేటాయించమని నా మనవి. సిలబస్ పూర్తి కాదంటారేమో. సిలబస్ పూర్తయి, మీథేన్ ముగ్గుగానే మిగిలిపోతే ఎవరికి లాభం?

ఆ ఏడు కెమిస్ట్రీలో నాకు ఫస్టుక్లాసు మార్కులొచ్చాయి. ముక్కాలిపీట గుచ్చినవాడు తప్పాడు. మా ఇద్దరిలో బంధమంటే ఏమిటో ముందు తెలిసింది ఎవరికో పాఠకులే చెప్పాలి.