పాత యంత్రానికి కొత్త ప్రాణం

ప్రాచీన శిల్పాన్నీ, తాళపత్ర గ్రంథాన్నీ పరిరక్షించుకోవాలంటే కాదనేవారుండరు. కాని నలభై ఏళ్లనాటి కంప్యూటరును కూడా కాపాడుకోవాలంటే నవ్వుకునేవారే ఎక్కువ. ఏటా కొత్త యంత్రాలు వస్తుండగా కాలం చెల్లినదానితో పనియేమిటని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు; దీనికి సమాధానం వెదకాలి.

1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 'జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్' అనే గృహ కంప్యూటరును విడుదల చేసింది. దాని ప్రారంభ ధర 125 పౌండ్లు. ఇంట్లోని టెలివిజనే దానికి తెర. పాటలు వినే టేపురికార్డరే దానికి భాండాగారం. దాని వేగం 3.5 మెగాహెర్ట్జ్, మెమరీ 16 లేదా 48 కిలోబైట్లు. స్విచ్ వేయగానే అది బేసిక్ భాషలో ఆజ్ఞ కోసం ఎదురుచూసేది. ఏదో ఒకటి రాస్తే తప్ప ఏమీ చేయని ఆ యంత్రం ముందు కూర్చొని, బ్రిటన్‌లో ఒక తరం బాలబాలికలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. 1992లో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

2017లో కొందరు ఔత్సాహికులు ఆ యంత్రాన్ని 'స్పెక్ట్రమ్ నెక్స్ట్' అనే పేరుతో పునర్నిర్మించడానికి పూనుకున్నారు. మూడు వేలమందికి పైగా ముందుకు వచ్చి 7 లక్షల పౌండ్లకు మించిన ధనాన్ని సమకూర్చారు. తొలి యంత్రం బాహ్యరూపాన్ని తీర్చిదిద్దిన రిక్ డికిన్సనే దీనికీ రూపకల్పన చేశాడు. 2018లో ఆయన మరణించాడు. యంత్రాలు 2020లో కొనుగోలుదారులకు చేరాయి.

ఈ పునర్నిర్మాణానికి ఆధారం ఎఫ్.పి.జి.ఎ. అనే చిప్. సాధారణమైన చిప్‌లోని వలయాలు కర్మాగారంలోనే స్థిరపడిపోతాయి. ఆపై మార్పునకు తావులేదు. ఎఫ్.పి.జి.ఎ.లో మాత్రం వేలకొలది చిన్న తర్కభాగాలు, వాటిని కలిపే తీగల అల్లిక ఉంటాయి. ఏది దేనితో కలవాలో ఒక ప్రత్యేక భాషలో రాసి అందులోకి పంపితే, ఆ చిప్ కోరిన యంత్రంగా మారుతుంది. ఒకే మట్టితో కుమ్మరి నేడు కుండను, రేపు మూకుడును చేసినట్లే ఇదీను. ఈ కంప్యూటరులో వాడిన చిప్‌ను రూపొందించిన జైలింక్స్ సంస్థకు మన హైదరాబాదులోనూ అభివృద్ధి కేంద్రం ఉండేది. 2022లో ఆ సంస్థ ఏ.ఎం.డి.లో కలిసింది.

పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాములు ఉండగా ఈ శ్రమ దేనికని కొందరంటారు. ఎమ్యులేటర్ ఉపయోగకరమే. అయితే అది పాత యంత్రం చేసే పనిని అనుకరిస్తుంది, ఎఫ్.పి.జి.ఎ. దాని వలయాల తీరునే మళ్లీ నిర్మిస్తుంది. వలయాన్ని నిర్మించాలంటే ముందు దానిని అర్థం చేసుకోవాలి. స్పెక్ట్రమ్‌లో ఫెరాంటి సంస్థ తయారుచేసిన ఒక ప్రధానమైన చిప్ ఉండేది. క్రిస్ స్మిత్ అనే రచయిత దాని లోపలి అమరికను శోధించి, 2010లో ఒక గ్రంథంగా వెలువరించాడు. అటువంటి కృషి జరగకపోతే, లక్షలాది ఇళ్లలో వెలిగిన యంత్రం ఎలా పనిచేసిందో చెప్పగలవారు క్రమంగా కరువయ్యేవారు. ఇక్కడ కాపాడుకోవలసినది వస్తువును మాత్రమే కాదు, దాని వెనుకనున్న జ్ఞానాన్ని.

పాతదానికి కొత్త హంగులు చేర్చడం దానికి ద్రోహం కాదా అన్నది మరొక ఆక్షేపణ. నెక్స్ట్ వేగం 28 మెగాహెర్ట్జ్ వరకు పెరుగుతుంది, టేపుకు బదులు మెమరీ కార్డు వచ్చింది, రంగులు ఎక్కువయ్యాయి. కాని కోరుకున్నవారు పాత 3.5 మెగాహెర్ట్జ్ వేగంతోనే దానిని నడుపుకోవచ్చు. మూలాన్ని చెరిపివేసే మార్పు ద్రోహమవుతుంది. మూలాన్ని నిలిపి, దానికి పొడిగింపుగా వచ్చే మార్పు అభివృద్ధి అవుతుంది. జీర్ణోద్ధరణ చేసిన ఆలయంలో విద్యుద్దీపం వెలిగిస్తే గర్భగుడి పవిత్రత తగ్గదు కదా!

ఎఫ్.పి.జి.ఎ. చిప్‌లు కూడా శాశ్వతం కావు. నేటి చిప్ తయారీ రేపు ఆగిపోవచ్చు. అందుచేత చిప్ కన్న, దానిని యంత్రంగా మార్చే రాత ముఖ్యం. నెక్స్ట్ నిర్మాతలు ఆ రాతను బహిరంగపరిచారు. చదవగలవాడు దానిని చదివి, తగిన మార్పులతో మరొక చిప్‌కు అనువుగా మలచవచ్చు. రహస్యంగా దాచిన విద్య యజమానితో నశిస్తుంది. పంచిన విద్య తరాలను దాటుతుంది.

నేడు మన చేతిలోని ఫోను ఆ స్పెక్ట్రమ్ కంటే వేలరెట్లు శక్తిమంతమైనది. అయినా దానిలోపల ఏమి జరుగుతున్నదో తెలిసినవారు స్వల్పం. వాడుకరులు మాత్రమే పెరిగి, నిర్మాతలు తగ్గిన సమాజం ఇతరులపై ఆధారపడక తప్పదు. ఒక మనిషి సంపూర్ణంగా అర్థం చేసుకోగల చిన్న యంత్రం ఈ లోపాన్ని సరిదిద్దే పాఠశాల కాగలదు. ప్రతి విద్యార్థీ పాత కంప్యూటరును కొనాలని కాదు. తాను వాడే యంత్రాన్ని విప్పి తెలుసుకోవాలన్న జిజ్ఞాసను మాత్రం పెంచుకోవాలి. పునాదిని ఎరిగినవాడే పై అంతస్తును నిర్భయంగా కట్టగలడు.