బాట ప్రక్కని శిలామూర్తులు

శిల్పమనగానే మనకు ఆలయ కుడ్యమో, మ్యూజియములోని గాజు పెట్టెయో స్ఫురిస్తుంది. పూర్తి అయిన పనినే కళగా లెక్కించడం లోకానికి అలవాటు. గ్రీసు దేశానికి చెందిన నక్సోస్ ద్వీపంలో కాలిబాటల ప్రక్కన సుమారు రెండువేల ఆరువందల ఏండ్లుగా వెల్లకిల పడియున్న రాతి మనుషులు ఈ అలవాటును ప్రశ్నిస్తున్నారు. ఇంతటి ప్రాచీన శిల్పాలను ఎండకూ వానకూ వదలివేయడం న్యాయమేనా, లేవనెత్తి ఒక భవనంలో నిలబెట్టరాదా అన్న సందేహం ఎవరికైనా కలుగవచ్చును. వాటిని ఉన్నచోటనే ఉండనివ్వడమే న్యాయమని మా అభిప్రాయము.

నక్సోస్ ఏజియన్ సముద్రంలోని సైక్లడీస్ ద్వీపాలలో పెద్దది. వైశాల్యం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. ప్రకృతి ఆ ద్వీపానికి రెండు వరాలు ఇచ్చినది. ఒకటి చెక్కడానికి తెల్లని చలువరాయి. రెండవది ఆ రాతికి నునుపు తెచ్చే ఎమెరీ అనే సానరాయి. ఈ రెండింటి బలంతో క్రీ.పూ. 7, 6 శతాబ్దాలలో అక్కడి శిల్పులు గ్రీకు ప్రపంచంలో అగ్రగణ్యులైనారు. ఎడమ పాదం ముందుకు పెట్టి, చేతులు ప్రక్కలకు ఆనించి నిలిచిన యువకుని విగ్రహానికి 'కూరోస్' అని పేరు. దానిని గనిలోనే స్థూలంగా చెక్కేవారు. అందువలన బరువు తగ్గి, రవాణా సులభమయ్యేది. ముఖకవళికలు, కేశాలు మొదలైన సున్నితమైన పని విగ్రహం గమ్యం చేరిన తరువాత జరిగేది.

కొన్ని విగ్రహాలు ఆ గమ్యం చేరనే లేదు. మెలనెస్ గ్రామం దాపున ఫ్లెరియో అనే చోట, తోటల మధ్య రాతిగోడల నడుమ సాగే బాట చివర, సుమారు 5.5 మీటర్ల కూరోస్ ఒకటి కాలు విరిగి పడియున్నది. అది క్రీ.పూ. 570 ప్రాంతపుదని పండితుల నిర్ణయం. అక్కడికి కొద్ది దూరాన గుట్టమీద మరియొకటి కలదు, అదియు భగ్నమే. ద్వీపానికి ఉత్తరాన అపోలోనాస్ వద్దనున్నది వీటన్నింటికంటె పెద్దది. పొడవు పది మీటర్లకు పైమాట. బరువు సుమారు 80 టన్నులని అంచనా. గడ్డపు ఆకృతి ఉండుటచేత అది డయొనీసస్ దేవుని విగ్రహమై ఉండునని పలువురు విద్వాంసులు తలుస్తున్నారు. రాతిలో పగులు కనబడినదో, దించుటలో దెబ్బ తగిలినదో, పని ఆగిపోయినది. ఉలి గాట్లు మాత్రం నేటికీ చెరగలేదు.

వీటిని తరలించాలనేవారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. వాన, గాలి, యాత్రికుల చేతులు రాతిని అరగదీస్తాయి. నక్సోస్ వారే పొరుగున ఉన్న డెలోస్ ద్వీపంలో ప్రతిష్ఠించిన చలువరాతి సింహాలను కాపాడుటకై మ్యూజియములో ఉంచి, ఆరుబయట వాటి నకళ్ళను నిలిపినారు. ఆ పని సమంజసమే. ఆ సింహాలు పూర్తి అయిన శిల్పాలు. వాటి విలువ చెక్కడపు నైపుణ్యంలో ఉన్నది. కూరోస్‌ల సంగతి వేరు. వాటి విలువ అవి ఆగిపోయిన చోటులో ఉన్నది. ఏ రాతి పొర నుండి విడివడినవో ఆ పొర ప్రక్కనే కనిపిస్తుంది. కొండ నుండి సముద్రం వరకు ఎంత దూరం ఈడ్చవలసి ఉండెనో నడిచి వచ్చినవానికి తెలుస్తుంది. భవనంలో నిలబెడితే అవి విరిగిన బొమ్మలు. బాట ప్రక్కన అవి ఒక కర్మాగారపు చరిత్ర.

గమ్యం చేరిన విగ్రహపు గతి ఏమైనదో కూడ చూడవలసి ఉన్నది. నక్సోస్ వారు డెలోస్‌లో అపోలో దేవునికి ఒక మహావిగ్రహాన్ని అర్పించినారు. నేడు దాని మొండెము డెలోస్‌లో నేలపై ఉన్నది. పాదంలో ఒక భాగం లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. విజయం సాధించినది ముక్కలై చెదరిపోగా, విఫలమైనది తన నేలను విడువకుండ మిగిలినది. ఆ బ్రిటిష్ మ్యూజియములోనే మన అమరావతి స్తూపపు శిలాఫలకాలును కలవు. రాళ్ళు తరలిపోయిన తరువాత స్థలం ఎంత మూగపోతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు.

కాబట్టి విగ్రహాన్ని కాపాడుట అంటే దానిని మాత్రమే కాపాడుట కాదు. బాటను, గోడలను, గనిని, చుట్టునున్న తోటలను కలిపి కాపాడాలి. మోటారు వాహనం విగ్రహం పాదాల దగ్గరకే వెళ్ళితే యాత్రికుడు ఒక వింతను చూచి వస్తాడు. కొంత దూరమైనా నడిచి వెళ్ళితే ఒక శ్రమను చూచి వస్తాడు. కావలివారు, సూచిక పలకలు, వాననీరు నిలువకుండ చిన్న ఏర్పాట్లు, ఇవి చాలును. అంతకు మించిన అలంకారం అపకారమే.

తెలుగులో శిల్పి అనీ, ఉర్దూలో సంగ్‌తరాష్ అనీ మనం పిలుచుకొనే ఆ పనివారి పేర్లు ఎవరికీ తెలియవు. పూర్తి అయిన విగ్రహంలో వారి చేతి జాడ నునుపులో కలిసిపోతుంది. దేవుడు, దాత మాత్రమే మిగులుతారు. ఆగిపోయిన విగ్రహంలోనే వారు మనకు కనిపిస్తారు. ఒకనాటి ప్రొద్దున సుత్తి క్రింద పెట్టి, పగులు వైపు చూచి, మౌనంగా వెనుదిరిగిన ఆ అనామకులకు ఆ బాట ప్రక్కనున్న రాయి తప్ప వేరొక స్మారకం లేదు. దానిని కదల్చరాదని మా మనవి.