గొంతు వినిపిస్తే దేశం చీలిపోతుందా?

ఆస్ట్రేలియా ప్రజలు 2023 అక్టోబర్ 14న తమ రాజ్యాంగంలో ఒక కొత్త అధికరణాన్ని చేర్చే ప్రతిపాదనను తిరస్కరించారు. ఓటు వేసినవారిలో దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా ఆమోదించలేదు. రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతం మాత్రమే అంగీకారం తెలిపింది. ఎక్కడో దక్షిణార్ధగోళంలో జరిగిన ఈ ఓటింగు గురించి మన పత్రిక ఎందుకు రాయాలని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రతిపాదనను ఓడించిన వాదం మనకు చిరకాలంగా పరిచయమున్నదే. ఒక వర్గానికి ప్రత్యేకంగా మాట్లాడే వేదిక ఇస్తే జాతీయ సమైక్యతకు భంగం కలుగుతుందన్నదే ఆ వాదం. ఈ మాటను భారతదేశపు ముస్లిములు ఎనిమిది దశాబ్దాలుగా వింటున్నారు. అందుకే ఆ చర్చను నిదానంగా పరిశీలించడం మన కర్తవ్యమని మేము భావిస్తున్నాము.

ముందుగా అక్కడి మూలవాసులు అడిగిందేమిటో తెలుసుకోవాలి. 2017 మే నెలలో దేశం నలుమూలల నుండి వచ్చిన సుమారు 250 మంది మూలవాసీ ప్రతినిధులు ఉలూరు కొండ సమీపంలో సమావేశమై ఒక ప్రకటన చేశారు. పార్లమెంటుకు తమ అభిప్రాయం చెప్పే ఒక సంస్థ కావాలనీ, దానికి రాజ్యాంగంలో స్థానం ఉండాలనీ, ఆ తరువాత ఒప్పందాలకూ సత్యాన్వేషణకూ దారి ఏర్పడాలనీ అందులో కోరారు. 2022లో అధికారంలోకి వచ్చిన ఆంథొనీ ఆల్బనీస్ ప్రభుత్వం ఆ కోరికను ప్రజల ముందుంచింది. ఆ సంస్థకు చట్టాలను ఆపే అధికారం లేదు, పార్లమెంటులో సీటు లేదు. మూలవాసులకు సంబంధించిన విషయాల్లో పార్లమెంటుకూ ప్రభుత్వానికీ విన్నవించుకోవడమే దాని పని. దాని నిర్మాణమూ విధులూ అధికారాలూ ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు కూడా పార్లమెంటుదే. విన్నపాన్ని అంగీకరించాలన్న నిబంధన ఏదీ లేదు.

ఇంత స్వల్పమైన కోరికకు రాజ్యాంగ సవరణ ఎందుకు? సాధారణ చట్టం చాలదా? ఈ ప్రశ్నకు జవాబు వారి అనుభవంలోనే ఉంది. 1990లో మూలవాసులు స్వయంగా ఎన్నుకున్న ప్రతినిధులతో ఒక జాతీయ కమిషన్ ఏర్పడింది. 2005లో దానిని పార్లమెంటు రద్దు చేసింది. కమిషన్ పనితీరులో లోపాలుంటే సరిదిద్దవచ్చు, నాయకత్వం బాగా లేకపోతే మార్చవచ్చు. అలా కాక సంస్థనే తుడిచిపెట్టారు. చట్టం ద్వారా వచ్చిన గొంతును చట్టం ద్వారానే నొక్కివేయవచ్చునన్న పాఠాన్ని వారు ఆ రోజు నేర్చుకున్నారు. రాజ్యాంగ రక్షణ కావాలన్న పట్టుదల అక్కడి నుండి బలపడింది.

ఈ పట్టుదల వెనుక ఇంకా పాత చరిత్ర ఉంది. 1788లో బ్రిటిష్ వారు స్థావరం ఏర్పరచుకున్నప్పటి నుండి ఆ ఖండాన్ని యజమాని లేని నేలగా పరిగణించారు. వేల సంవత్సరాలుగా అక్కడ నివసిస్తున్న ప్రజలకు భూమిపై హక్కు ఉండేదని ఆ దేశపు హైకోర్టు అంగీకరించడానికి 1992 దాకా ఆగవలసి వచ్చింది. 1901లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం జనాభా లెక్కింపులో మూలవాసులను చేర్చరాదని నిర్దేశించింది. జాతీయ ఎన్నికల్లో మూలవాసులందరికీ ఓటు హక్కు 1962లో గాని రాలేదు. 1967లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతానికి పైగా ప్రజలు ఆ అవమానకర నిబంధనలను తొలగించమన్నారు. తల్లుల ఒడి నుండి బలవంతంగా తీసుకుపోయిన పిల్లల విషయంలో 2008లో ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నేడు మూలవాసులు ఆ దేశ జనాభాలో సుమారు 3.8 శాతం. ఇంత చిన్న సంఖ్య ఎన్ని ఎన్నికల్లో పాల్గొన్నా తన బలంతో ఏ ప్రభుత్వాన్నీ నిలబెట్టలేదు, పడగొట్టలేదు.

ప్రతిపాదనను వ్యతిరేకించిన ప్రతిపక్ష నాయకుడు పీటర్ డటన్ ప్రధానంగా చెప్పిందేమిటంటే, అది పౌరులను జాతి ప్రాతిపదికన విభజిస్తుందని. పౌరులందరూ సమానమైనప్పుడు కొందరికి అదనపు వేదిక ఎందుకని ప్రశ్నించారు. వినడానికి ఇది న్యాయంగానే తోస్తుంది. కాని అదే రాజ్యాంగం ఏ జాతి ప్రజల విషయంలోనైనా ప్రత్యేక చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తోంది. 2007లో ఉత్తర ప్రాంతంలోని మూలవాసీ గ్రామాల్లో సైన్యం సహాయంతో కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నప్పుడు, జాతి వివక్షను నిషేధించే చట్టాన్నే ఆ మేరకు పక్కన పెట్టారు. ఒక ప్రజాసమూహంపై ప్రత్యేకంగా శాసనం చేసినప్పుడు దేశం చీలలేదట. ఆ శాసనం గురించి ఆ సమూహం ఒక మాట చెబుతానంటే మాత్రం చీలిపోతుందట. ఈ తర్కంలోని అసమానతను మేము ఎత్తిచూపదలచుకున్నాము.

మూలవాసుల్లోనే భిన్నాభిప్రాయాలున్న మాట నిజం. వార్ల్‌పిరీ వంశానికి చెందిన సెనేటర్ జసింటా ప్రైస్ ఈ ప్రతిపాదనను తీవ్రంగా వ్యతిరేకించారు. ప్రజలను రెండుగా చూడడం తగదన్నది ఆమె వాదన. మరో సెనేటర్ లిడియా థోర్ప్ పూర్తిగా భిన్నమైన కోణం నుండి వద్దన్నారు. సార్వభౌమత్వాన్ని గుర్తించే ఒప్పందం ముందు జరగాలనీ, అధికారం లేని సలహా సంస్థతో సరిపెట్టుకోలేమనీ ఆమె చెప్పారు. ఏ సమాజమైనా ఒకే స్వరంతో మాట్లాడాలని ఆశించడం అన్యాయం. మెజారిటీ సమాజంలో పది పార్టీలు ఉండవచ్చు గాని, మైనారిటీలో ఇద్దరు విభేదిస్తే మొత్తం కోరికే చెల్లదనడం ఎక్కడి నీతి? నిజానికి మూలవాసులు అధికంగా నివసించే మారుమూల పోలింగ్ కేంద్రాల్లో ప్రతిపాదనకు భారీ మెజారిటీ లభించింది. అడిగినవారు ఔనన్నారు, ఇవ్వవలసినవారు కాదన్నారు.

తెలియకపోతే వద్దనండి అన్న నినాదం ఆ ప్రచారంలో బాగా పనిచేసింది. తెలియనప్పుడు తెలుసుకోమని చెప్పడం ప్రజాస్వామ్యం. తెలియకపోవడాన్నే ఒక కారణంగా మార్చడం రాజకీయం. ఒక ప్రజ గురించి పొరుగువారికి ఎంత తక్కువ తెలిస్తే ఆ ప్రజ హక్కులను నిరాకరించడం అంత సులువు. మనకు ఈ సంగతి ఎవరూ వివరించనవసరం లేదు.

ఆ మూలవాసులతో ముస్లిములకు పాత పరిచయం ఉందన్న విషయం మన పాఠకుల్లో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. ఇప్పటి ఇండోనేషియాలోని మకాసర్ రేవు నుండి ముస్లిం నావికులు ఏటా పడవల్లో ఉత్తర ఆస్ట్రేలియా తీరానికి వెళ్లి, ట్రెపాంగ్ అనే సముద్రజీవిని సేకరించేవారు. అక్కడి యోల్ంగు ప్రజలతో వారు వ్యాపారం చేశారు, బంధుత్వాలు కలుపుకున్నారు. వారి మాటలు కొన్ని యోల్ంగు భాషల్లో నేటికీ నిలిచి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం అనుమతులు నిరాకరించడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. 1860ల నుండి అఫ్ఘానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుండి వెళ్లిన ఒంటెల కాపరులు ఆ ఎడారి మార్గాల్లో సరుకులు మోశారు, మసీదులు కట్టుకున్నారు. వారిలో అనేకులు మూలవాసీ స్త్రీలను వివాహమాడారు. 2022లో ఉలూరు ప్రకటనను బలపరచిన మత సంస్థల్లో ఆస్ట్రేలియా ఇమాముల మండలి కూడా ఉంది. నేడు అక్కడ స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు కూడా ఈ చర్చ పరాయిది కాదు. వారిలో పౌరసత్వం పొందినవారందరూ ఆ రోజు ఓటు వేయవలసినవారే.

ప్రత్యేక ప్రాతినిధ్యం దేశాన్ని నిజంగా చీల్చిందా అన్న ప్రశ్నకు అనుభవమే జవాబు చెప్పాలి. న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరీలకు 1867 నుండి ప్రత్యేక స్థానాలున్నాయి. నార్వేలో సామీ ప్రజలకు 1989 నుండి ఎన్నికైన సొంత సభ ఉంది. ఆ దేశాలు ముక్కలు కాలేదు. అంత దూరం పోనవసరం కూడా లేదు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగపు ఐదవ షెడ్యూలులో గిరిజన సలహా మండలి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలున్న ప్రతి రాష్ట్రంలోనూ అది ఉండి తీరాలి. దాని సభ్యుల్లో వీలైనంత వరకు నాలుగింట మూడు వంతుల మంది గిరిజన శాసనసభ్యులై ఉండాలి. ఆస్ట్రేలియా నిరాకరించిన దానికి దగ్గరి రూపం మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ రాజ్యాంగబద్ధంగా ఉన్నదే. అయితే గవర్నరు పంపిన విషయాలపై సలహా ఇవ్వడమే దాని విధి. చట్టంలో చోటు దొరికినంత మాత్రాన చెవి దొరకదని పోలవరం ముంపు ప్రాంతపు ఆదివాసులను అడిగితే చెబుతారు.

మన రాజ్యాంగ సభలోనూ ఈ వాదోపవాదాలు జరిగాయి. జైపాల్ సింగ్ ముండా ఆదివాసుల పక్షాన గళమెత్తారు. షెడ్యూల్డ్ కులాలకూ తెగలకూ చట్టసభల్లో స్థానాలు కేటాయించారు. మత మైనారిటీలకు కూడా ఉమ్మడి ఓటింగుతో కొన్ని స్థానాలు కేటాయించాలని 1947లో అనుకున్నా, 1949 మే నెలలో ఆ నిర్ణయాన్ని విరమించుకున్నారు. బేగం ఐజాజ్ రసూల్ వంటి ముస్లిం సభ్యులు ఆ విరమణను సమర్థించారు. మద్రాసుకు చెందిన ముహమ్మద్ ఇస్మాయిల్ వ్యతిరేకించారు. మైనారిటీలు మెజారిటీ న్యాయబుద్ధిని విశ్వసించాలని సర్దార్ పటేల్ ఆ సందర్భంలో కోరారు. మెజారిటీ వారు కూడా మైనారిటీల స్థానంలో తమను ఊహించుకుని చూడాలని చెప్పారు. ఆ ఒడంబడికలో మొదటి సగాన్ని మనం పాటించాము. ఉమ్మడి ఎన్నికల్లో విశ్వాసంతో పాల్గొంటూ వచ్చాము.

రెండవ సగం ఏమైంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లిములు 14.2 శాతం. 1980లో లోక్‌సభకు 49 మంది ముస్లిములు ఎన్నికయ్యారు. 2024లో 543 స్థానాలకు గాను 24 మంది మాత్రమే గెలిచారు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వ్ అయ్యాయనీ, దళితులు అంతకంటే ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు జనరల్‌గా మిగిలాయనీ 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. ఇందులో దళిత సోదరుల తప్పేమీ లేదు. వారి వాటాపై మనకు అసూయ లేదు. గీతలు గీసేవారి బాధ్యత గురించే మా ప్రశ్న.

సంస్థల విషయం చూడండి. షెడ్యూల్డ్ కులాల, తెగల, వెనుకబడిన తరగతుల జాతీయ కమిషన్లకు రాజ్యాంగ ప్రతిపత్తి ఉంది. జాతీయ మైనారిటీ కమిషన్ మాత్రం 1992 నాటి సాధారణ చట్టం మీద నిలబడి ఉంది. దానికి రాజ్యాంగ హోదా కల్పించే బిల్లు 2004లో పార్లమెంటు ముందుకు వచ్చినా చట్టం కాలేదు. ఆస్ట్రేలియాలో 2005లో జరిగినది ఇక్కడ జరగదన్న హామీ ఏమీ లేదు. రాజ్యాంగంలో ఉన్నదానికే భరోసా లేనప్పుడు చట్టంలో ఉన్నదాని సంగతి చెప్పేదేమిటి? లోక్‌సభలో ఆంగ్లో ఇండియన్లకు ఉండిన రెండు నామినేటెడ్ స్థానాలు 2020 జనవరిలో పెద్ద చర్చ లేకుండానే ముగిసిపోయాయి.

మన పరిస్థితీ ఆస్ట్రేలియా మూలవాసుల పరిస్థితీ ఒకటేనని మేము అనడం లేదు. వారిది నేలనే పోగొట్టుకున్న తొలి ప్రజల బాధ. ఈ దేశంలో ఆ స్థానం గోండులది, కోయలది, కొండరెడ్లది, చెంచులది. మనది సమాన పౌరులుగా లెక్కలోకి రావాలన్న కోరిక. రెండింటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. కాని ఇద్దరినీ ఎదుర్కొనే మాట ఒకటే గనుక, దానికి జవాబు కూడా కలిసి చెప్పవచ్చు.

నియోజకవర్గాల పునర్విభజన సమీపిస్తున్న ఈ సమయంలో మేము కోరేవి మూడు. జాతీయ మైనారిటీ కమిషన్‌కు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించాలి. పునర్విభజన సంఘం సచార్ కమిటీ పరిశీలనను ముందుంచుకుని పనిచేయాలి, ముసాయిదాపై అభ్యంతరాలకు తగిన గడువు ఇవ్వాలి. గిరిజన సలహా మండళ్లు క్రమంగా సమావేశమై, తమంతట తామే విషయాలను చేపట్టే వీలు కల్పించాలి. ఈ మూడవ కోరిక మనది కాదనుకునేవారు ఉండవచ్చు. ఆదివాసుల హక్కు కోసం నిలబడని ముస్లిం సంఘం తన హక్కు కోసం ఎవరిని పిలుస్తుంది?

ముసాయిదా వెలువడిన తరువాత హడావుడి పడడం వల్ల ప్రయోజనం స్వల్పం. ప్రతి జిల్లాలోని సంఘాలు ఇప్పటి నుండే మండలాల వారీగా జనాభా వివరాలను, పాత సరిహద్దుల పటాలను సమకూర్చుకోవాలి. న్యాయవాదులు, విద్యార్థులు ఈ పనికి ముందుకు రావాలి. సంప్రదింపు, అంటే షూరా, మన సంప్రదాయంలో గౌరవమున్న విలువ. ప్రభుత్వం నుండి దానిని కోరే సమాజం తన సభల్లోనూ దానిని పాటించాలి. నూర్‌బాషా దూదేకుల, మెహతర్, ఫకీర్ కుటుంబాలవారు, స్త్రీలు లేని వేదిక ముస్లిముల గొంతు అనిపించుకోజాలదు.

ఆస్ట్రేలియాలో ఆ గొంతు ఓటమితో ఆగిపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2023లోనే సొంత చట్టం చేసి, మరుసటి సంవత్సరం మూలవాసీ ప్రతినిధుల ఎన్నికలు జరిపించింది. మరోవైపు క్వీన్స్‌లాండ్‌లో ఒప్పందాల కోసం చేసిన చట్టాన్ని 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఒకచోట తలుపు తెరుచుకుంటే మరోచోట మూసుకుంటోంది. అయినా తలుపు తట్టేవారు వెనుదిరగలేదు. సమైక్యత పేరిట మౌనాన్ని కోరే దేశానికి నిశ్శబ్దం దొరకవచ్చు గాని ఐక్యత దొరకదు. తమ మాట వింటారన్న నమ్మకం ఉన్న ప్రజలే దేశాన్ని తమదని చెప్పుకుంటారు. మన మాట వినమని అడగడం ఈ దేశం మీద మనకున్న హక్కు, ఈ దేశం పట్ల మన బాధ్యత కూడా.