పంటకు బర్మారు, ఆడదానికి కారప్పొడి

ఆడవాళ్ల మీద ఘోరం ఏదైనా జరిగి పత్రికలకెక్కిన ప్రతిసారీ ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. ఆడపిల్లల చేతికి తుపాకులివ్వండి, కాల్చి పారేస్తారు! 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినప్పుడు ఈ మాట విన్నాం. 2012లో ఢిల్లీ తర్వాత విన్నాం. 2019 నవంబర్‌లో శంషాబాద్ తర్వాత మరీ గట్టిగా విన్నాం. చెప్పేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, రచయిత్రులూ ఉన్నారు. అందుకే నవ్వి వదిలేయడం కుదరదు.

ఆత్మరక్షణ హక్కుతో నాకు పేచీ లేదు. ఆ హక్కును ఒక ఆయుధంగా కుదించి, ఆ ఆయుధాన్ని ఒంటరి ఆడదాని సంచీలో పడేసి, ఇక నీ తంటా నువ్వు పడమనడంతోనే నా పేచీ.

ముందు ఈ తుపాకీ సంగతి చట్టం ఏమంటుందో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. సొంతంగా తూటా తయారు చేసుకోవడం అంతకన్నా పెద్ద నేరం. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా ఆయుధాలో తూటాలో తయారు చేస్తే కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. మరి లైసెన్సు ఎవరికి ఏ లెక్కన ఇస్తారు? 13వ సెక్షన్ చదవండి. గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గని పొడవాటి తుపాకీని రక్షణకో వేటకో ఇవ్వొచ్చు. మందూ రవ్వలూ చేత్తో కూరి పేల్చే తుపాకీని, అంటే మన వైపు బర్మారు అంటామే దాన్ని, పంట కాపాడుకోవడానికి ఇవ్వొచ్చు. మిగతావాటికి తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించుకోవాలి.

అంటే చేత్తో కూరిన మందుగుండుకు ఈ దేశ చట్టంలో ఒక గౌరవప్రదమైన స్థానం ఉంది. అది చేను గట్టు మీద ఉంది. అడవిపంది నుంచి మక్కచేనును కాపాడుకోవడం ఏమిటో చట్టానికి అర్థమయింది. రాత్రి షిఫ్టు దిగి ఊరి మలుపు దగ్గర ఆటో కోసం నిలబడ్డ ఆడదానికేమో ఇరవై అంగుళాల గొట్టం భుజాన వేసుకోమంటుంది, లేదా తగిన కారణం చూపించమంటుంది. ఆడదై పుట్టడం తగిన కారణమో కాదో ఆ సెక్షన్ చెప్పదు.

మార్కెట్ మాత్రం చెప్పింది. 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్‌ను ఆడవాళ్ల కోసమంటూ తెచ్చింది. అర కిలో బరువు, నగల పెట్టె లాంటి పెట్టె, ధర లక్షా ఇరవై వేల పైన! ఢిల్లీలో చనిపోయిన అమ్మాయికి లోకం పెట్టిన పేరును గుర్తుకుతెచ్చే పేరే దానికి పెట్టారు. జనగామ పత్తి చేలల్లో పత్తి ఏరే కూలీ ఎన్ని సీజన్లు ఏరితే ఆ రివాల్వర్ కొనగలదో లెక్క వేసుకోండి. దరఖాస్తు కాగితం పోలీసుల విచారణ దాటే రావాలి. 2007లో వాకపల్లి ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేసింది పోలీసు బలగాల మీదే. 2023లో కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం మాత్రం ఇమ్మంది. అలాంటి స్త్రీలు తుపాకీ లైసెన్సు కోసం వెళ్లి ఎవరి బల్ల ముందు నిలబడాలి?

ఆయుధాలు విచ్చలవిడిగా దొరికే అమెరికాలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో నడుస్తుంది. ఇంట్లో చేత్తో నింపుకున్న తూటాలతో ఆత్మరక్షణ చేసుకుంటే కోర్టులో ఏమవుతుందని అక్కడి తుపాకీ ప్రియులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. కంపెనీ తూటా నీకు చాల్లేదా, ఇంకా క్రూరంగా చంపాలనుకున్నావా అని ప్రాసిక్యూటర్ అడగొచ్చునంటారు. చేత్తో నింపినదాంట్లో మందు ఎంత ఉందో పరీక్షశాల తేల్చలేదంటారు. ఈ రెండో మాటకు వాళ్లు తరచూ చూపించే ఉదాహరణ న్యూజెర్సీలో 1989 నాటి ఒక మరణం. చనిపోయింది ఒక భార్య. తనే కాల్చుకుందని భర్త చెప్పాడు. తూటాల్లో మందు తక్కువ పోశానన్నాడు. విచారణలు ఏళ్ల తరబడి సాగాయి. తుపాకీ లోకం ఆ కేసు నుంచి నేర్చుకున్న పాఠమేమిటంటే, సొంతంగా నింపిన తూటాలు కోర్టులో ఇబ్బంది పెడతాయని! ఇంట్లో తుపాకీ ఉన్న భార్య ఎందుకు చనిపోయిందన్న ప్రశ్న ఆ చర్చలో ఎక్కడా నిలబడలేదు. మందు తూకం మిగిలింది, మనిషి పోయింది.

ఆ ప్రాసిక్యూటర్ ప్రశ్న మనకు కొత్తది కాదు. సంచీలో కారప్పొడి ఎందుకు పెట్టుకున్నావు? కొడవలి ఎందుకు పట్టుకెళ్లావు? ముందే అనుకుని వెళ్లావా? సిద్ధంగా ఉన్న ఆడదాన్ని లోకం ఎప్పుడూ అనుమానిస్తుంది. సిద్ధంగా లేని ఆడదాన్నేమో నిందిస్తుంది.

1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో ఏం చెప్పిందో గుర్తు చేసుకోండి. ఠాణాలో అత్యాచారం జరిగిందన్న ఆ ఆదివాసీ బాలిక ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఎదిరించలేదన్నారు. ఆ ఠాణా ఉన్న దేశాయిగంజ్ ఇప్పటి గడ్చిరోలి జిల్లాలో ఉంది. మన కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చేది ఆ జిల్లానే. ఎదిరించకపోవడం సమ్మతి కాదని చట్టంలో రాయించుకోవడానికి 2013 దాకా పట్టింది. ఎదిరించకపోతే ఒప్పుకున్నట్టు, ఎదిరించి చంపితే హంతకురాలు. ఈ రెండింటి మధ్య ఆడదానికి మిగిలిన జాగా ఎంత?

కాగితం మీద జాగా ఉంది. పాత శిక్షాస్మృతిలో 100వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 38. అత్యాచారానికో యాసిడ్ దాడికో దిగినవాణ్ని ఎదుర్కొనే క్రమంలో వాడు చనిపోయినా నేరం కాదు. కానీ దాని ముందున్న 37వ సెక్షన్, అధికారుల రక్షణ పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదంటుంది. భూపాలపల్లి అడవి పల్లెల్లో ఆ వ్యవధిని ఏ గడియారంతో కొలుస్తారు? పైగా అది ఆత్మరక్షణేనని చూపించే భారం నిందితురాలి మీదే. 2012లో మదురైలోనూ, 2021లో తిరువళ్లూరు జిల్లాలోనూ ఇలా ప్రాణం తీయాల్సి వచ్చిన స్త్రీలను పోలీసు అధికారులే ఆ సెక్షన్ కింద విడిచిపెట్టారు. అవి వార్తలయ్యాయి. చట్టం తన పని తాను చేస్తే వార్త కావడమే మన దౌర్భాగ్యం.

రాజ్యం తన ఆత్మరక్షణను మాత్రం ఇంత కష్టపడి నిరూపించుకోవాల్సిన పని లేకపోయింది. వరంగల్‌లో 2008లో, చటాన్‌పల్లిలో 2019లో నిందితుల్ని కాల్చి చంపిన పోలీసులు చెప్పింది ఆత్మరక్షణ అనే. జనం పూలు చల్లారు. చటాన్‌పల్లి కథ నమ్మదగ్గది కాదని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చేసరికి చల్లిన పూలు ఎప్పుడో వాడిపోయాయి. మన పేరు చెప్పి కాల్చిన ఆ తూటాల వల్ల ఏ ఆడదానికి రక్షణ దొరికింది?

తెలంగాణ గడ్డ మీద ఆడవాళ్లు తుపాకీ పట్టలేదా అని అడుగుతారు. పట్టారు. నా పరిశోధన ఆ స్త్రీల కథనాల మీదే. జనగామ నుంచి పాలకుర్తికి, కడవెండికి, మహబూబాబాద్ మీదుగా గూడూరు వైపు, భూపాలపల్లి నుంచి కాళేశ్వరం దాకా బస్సుల్లో, షేర్ ఆటోల్లో తిరిగాను. పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుంచి పంటను దక్కించుకున్నది ఒంటరిగా కాదు. వెనక సంఘం ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు కూలింది ఆ సంఘం ఊరేగింపులోనే. మల్లు స్వరాజ్యం దళంలో తుపాకీ పట్టింది, ఆమె తల మీద పదివేల వెల పెట్టారు. ఆమె ఆత్మకథకు 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు. ఆ పేరులో ముందున్నది మాట.

1951లో పోరాటం విరమించాక ఏమైందో స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు తెలుసు. తుపాకులు దించారు, ఆడవాళ్లు వంటింటికి తిరిగొచ్చారు. తుపాకీ చేతికిచ్చిన ఉద్యమం కూడా ఇంటిని మార్చలేకపోయింది. అలాంటిది, ఉద్యమం లేని వట్టి తుపాకీ మారుస్తుందా?

అసలు గొడ్డలి వేటు ఇంట్లోనే ఉంది. అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్తున్నాయి. ఈ జిల్లాల్లోని ఒక కాలేజీలో మహిళా దినోత్సవం నాడు ఆడపిల్లలకు పెప్పర్ స్ప్రేలు పంచి, అందరూ ఝాన్సీ రాణులు కావాలన్నారు. ఒక తండా పిల్ల లేచి అడిగింది. "ఇంట్ల మామ తాగొచ్చి మీద పడితే కండ్లల్ల కొట్టాల్నా సార్? కొట్టినంక ఆ రాత్రి నేనేడ పండుకోవాలె?" వేదిక మీది పెద్దలకు జవాబు దొరకలేదు. వందన సమర్పణతో సభ ముగిసింది.

ఈ వాదనంతటికీ ఆ పిల్ల ప్రశ్నే గీటురాయి. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? తుపాకీ దీనికి జవాబు కాదు. కారప్పొడి కూడా కాదు. కారప్పొడి వద్దని నేననను, ఉంచుకోండి. కర్ర కూడా ఉంచుకోండి. చేతికర్రను ఆయుధాల చట్టం ఆయుధంగా లెక్కపెట్టదు. కానీ వాటిని పంచి చేతులు దులుపుకునేవాళ్లను మాత్రం వదలకండి.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి చివరి బస్సు. ఆ రాత్రికే తలుపు తీసే సఖి కేంద్రం, దానికి చేర్చే బండి. 2005 గృహహింస చట్టం కింద అడగ్గానే కనిపించే రక్షణ అధికారి. 2013 చట్టం కింద కూలీ స్త్రీలు కూడా ఫిర్యాదు చేసుకోగల జిల్లా కమిటీ పేర్లు ప్రతి పంచాయతీ గోడ మీదా ఉండాలి. ఎదిరించిన స్త్రీ మీద హత్య కేసు రాసేముందు 38వ సెక్షన్ వర్తిస్తుందేమో దర్యాప్తు దశలోనే చూసి తీరాలి. ఆడదాని పేరు మీద పట్టా ఉన్న ఇల్లు, ఆమె పేరు మీదే భూమి. గెంటేయడానికి వీల్లేని ఇల్లున్న ఆడదానికి ఎదిరించే ధైర్యం ఎవరూ పంచిపెట్టక్కర్లేదు.

ఇవన్నీ ఖర్చుతో కూడినవి, తుపాకీ ఉపన్యాసం ఉచితం. అందుకే మనకు ఎప్పుడూ ఉపన్యాసమే దక్కుతోంది. పంటకు కాపలా ఉండాలని ఒప్పుకున్న చట్టం, ఆ పంట పండించిన ఆడమనిషికి కూడా కాపలా బాధ్యత తనదేనని ఒప్పుకోవాలి. అంతవరకూ మన చేతికి ఆయుధం ఇస్తామనే ప్రతివాణ్నీ, ఆ రాత్రి మేమెక్కడ పడుకోవాలని అడుగుదాం.