టికెట్టు ఉన్నోడిదేనా అడివి?

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటితే ఫర్హాబాద్ గేటు. పట్నం నుంచి వచ్చినోళ్లు టికెట్టు కొని, జీపెక్కి నల్లమల లోపలికి పోతున్నారు. పోనీయండి. అడివి ప్రజల ఆస్తి. పిల్లలు పులినీ జింకనూ చూసి అడివి మీద ప్రేమ పెంచుకుంటే మంచిదే.

మన ప్రశ్న వేరు. అదే అడివి పెంటల్లో తరతరాలుగా బతికే చెంచు, తేనెకో జిగురుకో పోతే ఎందుకు భయపడాలి? చూడ్డానికొచ్చినోడు అతిథి, బతకడానికి పోయినోడు దొంగా?

1983లో ఈ అడివి పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. అంతకు ముందునుంచీ పులీ ఉంది, చెంచూ ఉన్నాడు. పులుల్ని సరదాకు కాల్చి తలలు గోడలకు తగిలించుకున్నది దొరలు, చెంచులు కాదు. 2019లో యురేనియం కోసం నల్లమలను తవ్వే ప్రయత్నం జరిగితే, చెంచులూ చుట్టుపక్కల ఊళ్ల జనమూ అడ్డం నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేయాల్సొచ్చింది. అడివికి కాపలా ఎవరో అప్పుడే తేలింది.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తేనె, గడ్డలు, తునికాకు మీద హక్కు అడివిలో బతికేవాళ్లది. అడివిని కాపాడే అధికారం గ్రామసభది. హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా పులి పేరు చెప్పి ఊరును కదిలించే వీల్లేదు.

ఇది చెంచుల గోడు మాత్రమే అనుకోకండి. అడివంచున పశువులు కాసి, కట్టెలు మోసి బతికిన మాల, మాదిగ వాడలకూ ఈ చట్టంలో చోటుంది. కాకపోతే మనల్ని మూడు తరాలు, అంటే 75 ఏళ్ల ఉనికి రుజువు చేయమంటుంది. భూమి కాగితం ఎన్నడూ మన చేతికి రానివ్వనోళ్లే ఇప్పుడు కాగితం చూపమంటున్నారు! అయినా జంకొద్దు. ముసలోళ్లు చెప్పిన మాట రాసిస్తే సాక్ష్యమే. పాత బావి, బొందలగడ్డ, దేవర గుడి కూడా సాక్ష్యమే. ఇలాంటివి ఒకటికి రెండు జత చేయండి. ఫలానా కాగితమే కావాలని దరఖాస్తు కొట్టేయడానికి లేదని 2012 నిబంధనలే చెబుతున్నాయి.

కార్యకర్తలు ఊరూరా గ్రామసభ పెట్టించాలి. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ఫారం-సి నింపించాలి. గేటు కాడ ఎంతమందిని పంపాలి, ఏ దారిన పంపాలి, టికెట్టు డబ్బు ఎటు పోవాలి అన్నదాంట్లో ఊరి మాట నడవాలి. జీపు తోలే కూలితో సరిపెడితే ఒప్పుకోవద్దు.

వచ్చిపోయేటోళ్లకు దారి ఇద్దాం. ఉండేటోళ్ల హక్కు మాత్రం వదులుకోం.