ఆకుపచ్చ చుక్క సాత్త్వికతకు ప్రమాణమా?

కార్తిక సోమవారం, ప్రదోషవేళ. శివాలయంలో ఆకాశదీపం వెలిగింది. పగలంతా నిరాహారులై ఉన్న భక్తులు నక్షత్రదర్శనం చేసుకొని, దీపారాధన ముగించి, తీర్థం పుచ్చుకొని వెలుపలికి వస్తున్నారు. వీధి మలుపులో ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి. దానిమీద పెద్ద అక్షరాలలో “శుద్ధ శాకాహారం. స్వాములకు ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయబడును” అని వ్రాసి ఉంది. బండి చుట్టూ దీక్షావస్త్రాలు, విభూతిరేఖలు, పట్టుపంచెలు. మూకుడులోనుండి మంట ఎగసింది. ఎర్రని గోబీ మంచూరియా పళ్ళెంలో పడింది. మనుమని చేయి పట్టుకొని వచ్చిన తాతగారు బండివానిని అడిగారు: “ఇందులో గుడ్డు తగలలేదు కదా నాయనా?” “లేదండీ, గరిటె కూడా వేరేనండీ” అని అతడు చెప్పాడు. తాతగారు తృప్తిపడ్డారు. రెండవ ప్రశ్న ఆయన నోట రాలేదు.

ఈ దృశ్యం ఏ ఒక్క ఊరిదో కాదు. ఆచారపరాయణులమని చెప్పుకొనే గృహాలలో నేడు ఇదే వరస. పొట్లంమీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉన్నదా లేదా అని చూస్తారు. ఉంటే అది సాత్త్వికాహారమని నిశ్చయించుకొంటారు. చిప్స్ పొట్లంమీద ఆ చుక్క ఉంది. నూడుల్స్ పొట్లంమీద ఉంది. శీతలపానీయం సీసామీదా ఉంది. కనుక దోషం లేదని పూర్వపక్షం. ఈ పూర్వపక్షం శాస్త్రానికి విరుద్ధం, అనుభవానికి విరుద్ధం, పిల్లల ఆయుష్షుకు విరుద్ధం.

మొదట ఆ చుక్క ఏమి చెబుతున్నదో విచారించాలి. ఆ పదార్థంలో మాంసం, చేప, గుడ్డు లేవని చెబుతుంది. అంతకుమించి ఒక్క మాట చెప్పదు. అందులో ఉప్పు ఎంత, చక్కెర ఎంత, నూనె ఎన్నిసార్లు కాగింది, వండి ఎంతకాలమైంది అన్న ప్రశ్నలకు అది మౌనం. ప్రభుత్వం దానిని శాకాహారచిహ్నమన్నదే గాని ఆరోగ్యచిహ్నమనలేదు, సాత్త్వికచిహ్నమని అసలే అనలేదు. చెప్పని మాటను దాని నోట పెట్టినది భక్తజనమే.

ఇక శాస్త్రం. భగవద్గీత పదునేడవ అధ్యాయంలో 8, 9, 10 శ్లోకాలు మూడు విధాలైన ఆహారాలను నిరూపిస్తాయి. ఆ మూడు శ్లోకాలలో ఉల్లి పేరు లేదు, వెల్లుల్లి పేరు లేదు, మాంసం పేరైనా లేదు. ఉన్నవి గుణాలు, ఫలితాలు. ఆయుష్షును, బలాన్ని, ఆరోగ్యాన్ని, సుఖాన్ని పెంచేది, రసవంతమై దేహంలో స్థిరంగా నిలిచేది సాత్త్వికమన్నారు. అతిగా కారం, అతిగా పులుపు, అతిగా ఉప్పు, అతిగా వేడి ఉండి, దాహం పుట్టించి, దుఃఖాన్నీ రోగాన్నీ ఇచ్చేది రాజసమన్నారు. వండి జాము దాటినది, సారం పోయినది, చెడువాసన పట్టినది, ఎంగిలైనది తామసమన్నారు. జాము అంటే మూడు గంటలు. ఎన్నడో వేయించి, గడ్డకట్టించి, పెట్టెలలో నెలల తరబడి నిలువ ఉంచి, మరల నూనెలో దింపిన ఆలుగడ్డ ముక్క ఈ మూడింటిలో ఏ వర్గానికి చెందుతుందో చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. ఆలుగడ్డ శాకమే, అయినా అది సాత్త్వికం కాదు.

నిషేధాలు వ్యర్థమని ఈ మాటకు అర్థం కాదు. శ్రీభాష్యంలో రామానుజాచార్యులవారు సాధనసప్తకంలో మొదటిదైన వివేకాన్ని నిరూపిస్తూ, జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం అనే మూడూ లేని అన్నంవలన కాయశుద్ధి అన్నారు. పదార్థం స్వభావంచేత వచ్చేది జాతిదోషం. అది ఎవరి వద్దనుండి వచ్చిందన్నదానిని బట్టి ఏర్పడేది ఆశ్రయదోషం. వెంట్రుక, ధూళి, ఎంగిలి వంటి సంపర్కంచేత కలిగేది నిమిత్తదోషం. నేటి ఆచారవంతులు మొదటిదానిని పట్టుకొని మిగిలిన రెంటినీ విడిచారు. ఆశ్రయదోషాన్ని తలచేవారు కూడా దానిని వండినవాని కులవిచారణకు కుదించి వేశారు. చిన్నపిల్లల నాలుకను చక్కెరకూ ఉప్పుకూ బానిసను చేసి లాభం గడించే సంకల్పంతో తయారైన పదార్థానికి ఆశ్రయదోషం లేదా? ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. బండి దగ్గర రాత్రి పదకొండు గంటలవరకు పొగలో నిలిచే పేదవానిని నిందించడం కూడా ఈ సందర్భంలో అన్యాయం. అడిగినదే అతడు వండుతున్నాడు, అడుగుతున్నది భక్తజనం.

ఆయుర్వేదం ఇంకా సూక్ష్మంగా చెప్పింది. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని పరీక్షించడానికి ఎనిమిది అంశాలు ఉన్నాయి. తాతగారు కొనిపెట్టిన ఆ గోబీ మంచూరియా పళ్ళెంమీదనే వాటిని ప్రయోగించి చూడవచ్చు. మొదటిది ప్రకృతి, అనగా పదార్థ స్వభావం: కోసుపువ్వు మంచి కూరయే, దోషం లేదు. రెండవది కరణం, అనగా సంస్కారం: దానిని మైదా, కార్న్‌ఫ్లోర్ పిండిలో ముంచి నూనెలో వేయించి, మరల మూకుడులో మంటమీద వేపుతారు. మూడవది సంయోగం: ఉప్పు దండిగా ఉన్న సోయా సాస్, చక్కెర కలిసిన టమాటా సాస్, పైన రంగు. నాలుగవది రాశి: ఆకలినిబట్టి కాక పళ్ళెం పరిమాణాన్నిబట్టి తింటారు. ఐదవది దేశం: వాహనాల ధూళి పడే వీధి అంచు. ఆరవది కాలం: జఠరాగ్ని మందగించే రాత్రివేళ, పైగా ఆనాడు పగలంతా ఉపవాసం. ఏడవది భోజననియమం: ముందు తిన్నది జీర్ణమైన తరువాత, మాత్ర మించకుండా, మరీ త్వరగానూ మరీ నిదానంగానూ కాక, మాటలూ నవ్వులూ మాని, మనస్సును అన్నంమీద నిలిపి తినాలని చరకుడు విధించాడు, బాలుడు ఎడమచేతిలో ఫోను చూస్తూ నిలబడి తింటున్నాడు. ఎనిమిదవది భోక్త: ఆ బాలుడు ఉదయం బడిలో, సాయంత్రం ట్యూషన్‌లో కూర్చుని ఉండేవాడు, పరుగెత్తి ఆడే గంట లేనివాడు. ఎనిమిదింటిలో మొదటిదానికి మాత్రమే ఆకుపచ్చ చుక్క సాక్ష్యం. మిగిలిన ఏడింటికీ సాక్ష్యం ఆ బాలుని దేహమే కొన్నేళ్ళ తరువాత చెబుతుంది.

లోకప్రమాణం కూడా ఇదే చెబుతున్నది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ వర్ణాల వినియోగాన్ని నిషేధించింది. పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే, వస్త్రాలకు వాడే రంగు బయటపడటం అప్పటి మాటే. ఆ రెండూ శాకాహారాలే. వనస్పతి నూరుపాళ్ళు శాకాహారమే. అయినా గుండె నాళాలకు చేటుచేసే ట్రాన్స్ కొవ్వు నూనెలలో, వనస్పతిలో నూటికి 2 పాళ్ళు మించరాదని 2022 జనవరి నుండి నియమం పెట్టవలసి వచ్చింది. మరల మరల కాచిన నూనెకు కూడా ఒక హద్దు ఉంది: అందులో ధ్రువ సమ్మేళనాలు నూటికి 25 పాళ్ళు మించితే ఆ నూనె వంటకు పనికిరాదు. వీధిబండి ముందు నిలబడినవారిలో ఈ లెక్క అడిగేవారెవరు? 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దలకైనా రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సాసులలో మునిగిన ఒక్క పళ్ళెం ఆ పరిమితిలో పెద్ద భాగాన్ని మింగివేయగలదు.

ఒక అన్యాయపు ఆరోపణను మాత్రం ఇక్కడ తొలగించాలి. దోషమంతా అజినమోటోదే అని, అది లేదని బోర్డు పెట్టిన చోట భయం లేదని కొందరి నమ్మకం. 1908లో జపానులో ఇకెదా అనే రసాయనశాస్త్రవేత్త సముద్రపు నాచునుండి గుర్తించిన రుచి అది. సాధారణ మాత్రలో అది విషమని శాస్త్రం నిర్ధారించలేదు. ఒక్క వస్తువును రాక్షసిని చేసి మైదాను, ఉప్పును, నూనెను, చక్కెరను విడిచిపెట్టడం కూడా చుక్కను చూసి మురిసిపోవడం వంటిదే.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఒక పరీక్ష జరిపింది. 20 మందికి రెండు వారాలు యంత్రాగారాలలో అతిగా సంస్కరింపబడిన ఆహారం, రెండు వారాలు సహజాహారం పెట్టారు. ముందు ఉంచిన భోజనాలలో శక్తి, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానం. ఎంత తినాలన్నది వారి ఇష్టం. మొదటి రకం తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు అధికంగా తిన్నారు, త్వరగా తిన్నారు, రెండు వారాలలో సగటున 900 గ్రాముల బరువు పెరిగారు. రెండవ రకం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. త్వరగా వండటం ఫాస్ట్‌ఫుడ్ లక్షణాలలో ఒకటి మాత్రమే. త్వరగా మింగించడం రెండవది. మరీ త్వరగా తినరాదన్న చరకుని విధికి ఇంతకంటె వ్యాఖ్యానం ఏమి కావాలి?

ఫలితం కళ్ళముందే ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహపీడితులు 10 కోట్లకు పైగా ఉన్నారని అంచనా వేసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు, దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతం అనారోగ్యకరమైన ఆహారం వలననే అన్నాయి. మాంసం ముట్టని ఇంటిలో కాలేయానికి కొవ్వు పట్టదనుకోవడం భ్రమ. దేవాలయ ప్రాకారం లోపల ఈ రోగాలు ప్రవేశించవనుకోవడం మరింత భ్రమ. చక్కెరపొంగలి పంచే చేతికే ఇన్సులిన్ సూది అవసరమవుతున్న రోజులివి.

ఇక ఆక్షేపణలు. “పూర్వులు గారెలు, బూరెలు, పులిహోర, జంతికలు తినలేదా?” అంటారు. తిన్నారు. అవి నైమిత్తికాలు. పండుగ వచ్చినప్పుడు, ఇంటిలో పిండి రుబ్బి, దేవునికి నివేదించి, పదిమందికి పంచి తిన్నారు. నైమిత్తికాన్ని నిత్యం చేసినవారు పూర్వులను సాక్ష్యానికి పిలవరాదు. అంతమాత్రాన ఇంటివంట అంతా నిర్దోషమని కూడా కాదు. మూడుపూటలా ఆవకాయతో అన్నం కలిపితే గీత చెప్పిన అతిలవణం ఇంటిలోనే ఉన్నట్లు.

“ఆత్మవిచారం చేసేవారికి తిండి గొడవ ఎందుకు?” అని మరొక ఆక్షేపణ. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు రోజులు నీరు మాత్రమే త్రాగి ఉండమన్నాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే పన్నెండేళ్ళు చదివినవానికి ఒక్క మంత్రమూ స్ఫురించలేదు. అన్నం తిన్న తరువాత అంతా స్ఫురించింది. అన్నంలోని అతిసూక్ష్మాంశమే మనస్సవుతుందని ఆ విధంగా ప్రత్యక్షంగా బోధించాడు. మనస్సే ఆత్మవిచారానికి సాధనం కదా. ఆ సాధనం దేనితో తయారవుతున్నదో విచారించకపోవడం వేదాంతం కాదు, అజాగ్రత్త. అదే ఉపనిషత్తులో ఆహారశుద్ధిని చెప్పిన చోట శంకరభగవత్పాదులు ఆహారమంటే ఇంద్రియాలు గ్రహించే శబ్దాది విషయాలని వ్యాఖ్యానించారు. ఆ అర్థమే తీసుకొన్నా తప్పించుకొనే దారి లేదు. గంటగంటకు ఫోనులో వెలిగే ఆహారచిత్రాలు కంటితో తినే ఆహారమే. కన్ను ముందు తింటుంది, నోరు దాని వెనుక నడుస్తుంది.

“భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతున్నారు, వండటానికి సమయమెక్కడ?” అన్నది మూడవ ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి “ఆడవారు పూర్వంలా వంటింటిలో ఉండాలి” అని బదులు చెప్పేవారు ఒక మాట మరచిపోతున్నారు. ఉత్తమమైన వంటను తెలుగువారు నలభీమపాకం అంటారు. నలుడు పురుషుడు, భీముడు పురుషుడు. ఒకడు నిషధ రాజు, ఒకడు గదాధారి. సంప్రదాయాన్ని ఉద్ధరించాలనుకొనే గృహస్థు సాయంత్రం ఫోను పక్కన పెట్టి పొయ్యి వెలిగించాలి. కుక్కరులో పప్పు, అన్నం ఉడకటానికి అరగంట. తెప్పించుకొన్న పళ్ళెం గుమ్మం చేరటానికీ ఇంచుమించు అంతే. పెరుగన్నానికి అరగంట కూడా అక్కరలేదు. పిల్లవాడు ఆకుకూర ఒలిచి, తండ్రి వండి, తల్లి వడ్డించి, అందరూ ఒకచోట కూర్చుంటే, చరకుని ఎనిమిది అంశాలలో చాలావరకు వాటంతట అవే సరిపడతాయి.

కార్తికం నెలరోజుల వ్రతం. ఉల్లిని విడిచినవారు చక్కెరపానీయాన్ని కూడా విడవగలరు. నక్షత్రదర్శనమైన తరువాత బండివైపు తిరిగిన కాళ్ళను ఇంటివైపు తిప్పగలరు. తాతగారు అడిగిన మొదటి ప్రశ్న తప్పు కాదు. గుడ్డు తగిలిందా అని అడిగే హక్కు ఆయనకు ఉంది. ఇది ఎప్పుడు వండినది, ఏ నూనెలో వండినది, ఈ వేళ ఈ పిల్లవానికి ఇది తగునా అని కూడా ఆయనే అడగాలి. మనుమని చేయి ఆయన చేతిలోనే ఉంది.

స్వస్తి.