అచ్చు కాని సంతకం

చందమామలో 1954లో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. కుండలినీ ద్వీపం, దాని సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు తెలుగు పిల్లల ఇళ్లలోకి అలా వచ్చారు. ఆ తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ వరసగా వచ్చాయి. ఇరవయ్యేళ్లకు పైగా సాగిన ఈ పన్నెండు సీరియళ్లనూ రాసింది ఒక్కరే, దాసరి సుబ్రహ్మణ్యం. అయినా చందమామ సీరియల్ శీర్షిక కింద ఆయన పేరు అచ్చయ్యేది కాదు. బొమ్మ మూల ‘చిత్ర’ సంతకం కనిపించేది. అట్టమీద బొమ్మకు వపా సంతకం ఉండేది. శంకర్ గీసినదేదో పిల్లలు ఇట్టే పట్టేసేవారు. మన కశింకోటలో ఉండిన వడ్డాది పాపయ్య గారిని తెలుగునాడంతా ఎరిగింది ‘వపా’ అన్న ఆ రెండక్షరాల సంతకంతోనే. బొమ్మ వేసినవాడికి దక్కిన ఆ చిన్న చోటు కథ కట్టినవాడికి దక్కలేదు. దాసరి 2010 జనవరిలో కన్నుమూసేనాటికి ఆయన కథలు తెలిసినవారు లెక్కలేనంత మంది, ఆయన పేరు తెలిసినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో విమర్శకుల కంటే అభిమానులే ఎక్కువ. ఈ సంపాదకీయం చెప్పదలచింది ఆ సంగతే. అభిమానిని సాహిత్యం వాకిట్లోనే నిలబెట్టే అలవాటు మనకుంది. కనీసం ఈ విషయంలోనైనా విమర్శ చేయవలసిన మొదటి పనిని అభిమానులే చేశారని ఒప్పుకోవాలి.

ఇది మన ఒక్కరి కథే కాదు. బ్యాట్‌మన్ 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో పుట్టాడు. డెబ్బయ్యేళ్లకు పైగా ఆ బొమ్మల కథల మీద సృష్టికర్తగా బాబ్ కేన్ పేరొక్కటే ఉంది. ఆ మొదటి కథ రాసింది మాత్రం బిల్ ఫింగర్. బ్యాట్‌మన్‌కు రెక్కలు తీసేసి కేప్ వేయించిందీ, ముసుగుకు ఆ రూపం చెప్పిందీ, బ్రూస్ వేన్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. ఈ సంగతిని 1965లో అచ్చులో బయటపెట్టింది ప్రచురణ సంస్థ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. జెర్రీ బెయిల్స్ అనే ఒక అభిమాని. కేన్ అప్పుడు గట్టిగా కాదన్నాడు. ఫింగర్ 1974లో పేరు దక్కకుండానే పోయాడు. 1989లో కేనే తన ఆత్మకథలో ఫింగర్‌కు అన్యాయం జరిగిందని ఒప్పుకున్నాడు, అయినా కంపెనీ అధికారికంగా ఆ పేరు చేర్చడానికి 2015 దాకా పట్టింది. డిస్నీ బాతుల బొమ్మల కథలదీ ఇదే దారి. వాటి మీద డిస్నీ పేరు తప్ప మరో పేరు ఉండేది కాదు. కానీ చదివే పిల్లలు కొన్ని కథలు మిగతావాటిలా లేవని కనిపెట్టి, పేరు తెలియని ఆ మనిషిని ‘బాతులు బాగా వేసేవాడు’ అనుకుంటూ వచ్చారు. 1960 ప్రాంతంలో కొందరు అభిమానులు ఆయన కార్ల్ బార్క్స్ అని కనుక్కుని ఉత్తరం రాశారు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. పేరు తెలిశాక శైలిని మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. పేరు లేకుండానే శైలిని గుర్తుపట్టడానికి చదవడం తెలిసుండాలి.

చందమామను దోషిగా నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికకు తనదైన ఒక లెక్క ఉండేది. కథ అమ్మమ్మ నోట విన్నట్టుండాలి, పత్రిక మొత్తం ఒకే గొంతుతో మాట్లాడాలి. దశాబ్దాల పాటు ఆ గొంతును తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా సంపాదకుడిగా అచ్చు కాలేదు. తెలుగులో రాసిన సీరియల్ ఒడియాలోకి, తమిళంలోకి, హిందీలోకి, బెంగాలీలోకి వెళ్లేది కాబట్టి రచయిత పేరు ఎందుకన్న వాదం కూడా ఉండొచ్చు. వాల్తేరు రైల్వే కాలనీలో ఒక ఇంట్లో చందమామ, పక్కింట్లో ఒడియా ‘జహ్నమాము’, ఆ పక్క తమిళుల ఇంట్లో ‘అంబులిమామ’ వచ్చేవనుకుంటే, ముగ్గురు పిల్లలూ చదివింది ఒకే తెలుగు రచయితను. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తెలిసే దారి లేదు. ఇంకో చిత్రం. పెద్దలు ముక్కు విరిచిన అద్దె పుస్తకాల మీద మాత్రం రచయిత పేరు పెద్దక్షరాల్లో ఉండేది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నూ, మధుబాబు షాడోనూ జనం రచయిత పేరు చూసే అడిగి పట్టుకెళ్లారు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే గౌరవనీయ పత్రిక రచయితను దాచింది, గౌరవం లేని చవక నవల అతణ్ణి నిలబెట్టింది. సాహిత్య గౌరవం గురించి మనం మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవడం మంచిది.

ఇంతకీ అభిమానులు దాసరిలో పట్టుకున్నదేమిటి? అద్భుతమంటే మాయలూ మంత్రాలూ అని తేల్చేయడం తేలిక. సింహాచలం కొండ కింద పెరిగేవారికి అద్భుతానికి లోటేమీ లేదు. ప్రహ్లాదుణ్ణి కాపాడడానికి దిగివచ్చిన అప్పన్నను ఏడాదికోసారి చందనం తీసి చూసే ఊరిది. అమెరికా బొమ్మల కథల్లో సూపర్‌మన్‌కూ, మన పురాణంలో నరసింహుడికీ ఒక పోలిక ఉంది. ఆపద వచ్చినప్పుడు మనిషిని మించిన బలం వచ్చి ఆదుకుంటుంది. దాసరి సీరియళ్లలో దాదాపు అంతా తలకిందులు. అక్కడ శక్తి ఉన్నది మాంత్రికుల దగ్గర. ఆ శక్తే అనర్థాలన్నిటికీ మూలం. నాయకుడి దగ్గర ఉండేది ఒక కత్తో విల్లో, పక్కన ఒక స్నేహితుడు, వేళకు పనిచేసే బుర్ర. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు చేపలు పట్టుకుని బతికేవాడు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి అడవి తెగల యువకుడు, విక్రమకేసరి అతని జత. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మకు జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడికి సిద్ధసాధకుడు తోడు. ‘రాకాసిలోయ’లో కేశవుడూ జయమల్లుడూ బ్రహ్మదండి మాంత్రికుడిని ఎదుర్కొన్నదీ, సహించిందీ, ఒక్కోసారి వాడితో కలిసి నడవవలసి వచ్చిందీ వరాలతో కాదు. ఒంటరి వీరుడు దాసరికి పట్టలేదు. ఇద్దరుంటే సంభాషణ ఉంటుంది, సంభాషణ ఉంటే సందేహం ఉంటుంది, సందేహం ఉన్నచోట ఎంత మాయ జరిగినా అది మనుషుల కథే అవుతుంది.

మాంత్రికుల సంగతి ఇంకా ఆసక్తికరం. వాళ్లకు శక్తులుంటాయి గాని హద్దులూ ఉంటాయి. ఒకడి మంత్రం ఇంకొకడి ముందు పారదు. వాళ్లలో వాళ్లకే పడదు. ఏకాక్షికీ చతుర్నేత్రుడికీ మధ్య వైరంలో చిక్కుకున్న సమరసేనుడి అవస్థ, రెండు పెద్ద బలాల నడుమ నలిగే చిన్న రాజ్యం అవస్థలా ఉంటుంది. 1954లో ఆ కథ చదివిన పెద్దవాళ్లు ఎవరైనా ప్రపంచ రాజకీయాలు తలచుకుని ఉంటే తప్పు పట్టలేం. రచయితకు అలాంటి ఉద్దేశం ఉందని వాదించడం అనవసరం, కథలో ఆ సందు ఉంది, అది చాలు. రాక్షసులు కూడా భయపెట్టి ఊరుకునే బాపతు కాదు. ‘జ్వాలాద్వీపం’ ఉగ్రాక్షుడిలాంటి వాళ్లకు కోపం, ఆకలి, అమాయకత్వం, కాస్త హాస్యం కూడా ఉంటాయి. చిత్ర బొమ్మలు దీనికి ప్రాణం పోశాయి. ఆయన గీసిన రాక్షసుడి కళ్లలో క్రౌర్యంతో పాటు అయోమయమూ కనిపిస్తుంది. 1978లో చిత్ర పోయారు. ఆ తర్వాతి చందమామ చదివినవారిలో చాలామందికి ఏదో వెలితి తోచింది. ఆ వెలితి పేరు తెలిసినవారు మళ్లీ అభిమానులే.

దాసరిని ఇలా మెచ్చుకోవడానికి మొదటి అభ్యంతరం అనుకరణ. ‘ముగ్గురు మాంత్రికులు’ అరేబియా రాత్రుల్లోని జూదర్ కథ మీద కట్టిందన్నది చదివిన ఎవరికైనా తెలుస్తుంది. జాలరి, ఈర్ష్యపడే అన్నలు, చేతులు కట్టి చెరువులో తోయమనే మాంత్రికులు, సమాధిలో దాగిన నిధి, అన్నీ అక్కడివే. నిజమే. కానీ ఇల్లు కట్టినవాణ్ణి ఇటుకలు ఎక్కడివని మాత్రమే అడిగితే సరిపోదు. జూదర్ కథ కొద్ది రాత్రుల్లో ముగుస్తుంది. పద్మపాదుడి వెంట మహామాయుడి సమాధికి వెళ్లిన పింగళుడి కథ నెలల తరబడి సాగుతుంది, మధ్యలో కొత్త శత్రువులు, కొత్త చోట్లు పుట్టుకొస్తాయి. ప్రతి నెలా ఒక భయం దగ్గర ఆపి, మరుసటి నెల దాన్ని నమ్మదగిన తీరులో విప్పి, ఇంకో భయం వైపు నడిపించడం ఒక నిర్మాణ విద్య. దాన్ని ఎక్కడినుంచీ అరువు తెచ్చుకోలేం. బృహత్కథ నుంచి కాశీమజిలీల దాకా మన కథలన్నీ చేతులు మారినవే. అనుకరణ అన్న మాటకు భయపడితే తెలుగు కథా సంప్రదాయంలో మొదట ఖాళీ అయ్యేది గౌరవనీయమైన అరలే.

రెండో అభ్యంతరం బలమైనది. చందమామ సమష్టి కృషి, కుటుంబరావు వంటి సంపాదకుడు ఉన్నచోట ఏ వాక్యం ఎవరిదో ఎలా చెబుతారు, అలాంటప్పుడు ఒక్కరి పేరును తవ్వి తీయడం మిగతావారికి అన్యాయం కాదా అంటారు. వాక్యాల మట్టుకు ఈ మాట కొంత నిజం. ఆ సరళమైన, అలంకారం లేని, క్రియ మీద నడిచే వచనం చందమామ ఉమ్మడి ఆస్తి. కానీ కల్పన వేరు. దట్టమైన అడవులు, శిథిలాలు, కొండజాతులు, జతగా తిరిగే యువకులు, వింత జంతువుల మీద స్వారీ చేసే మాంత్రికులు పన్నెండు కథల్లో తిరిగి తిరిగి కనిపిస్తూంటే, దాని వెనక ఒక మనసు ఉందని చెప్పడానికి దస్తావేజు అక్కర్లేదు. అదే పత్రిక సీరియల్ పుటల్లో బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వచ్చినప్పుడు భాష చందమామ భాషే, లోకం మాత్రం వేరు. ఆ తేడాయే రచయిత జాడ. సమష్టి కృషిని గౌరవించడమంటే అందులోని ఎవరినీ పేరు పెట్టి పిలవకపోవడం కాదు. నిజానికి సంపాదకుడి పని ఎంతో తేలాలన్నా ముందు రచయిత పని ఎంతో తెలియాలి.

మూడోది, అభిమానం కళ్లు మూసేస్తుందన్న మాట. దీన్ని పూర్తిగా కొట్టేయలేం. దాసరి అభిమానులు రాసిన వాటిలో చిన్ననాటి మురిపెం పాలు ఎక్కువ, పరిశీలన పాలు తక్కువ. ఈ సీరియళ్లలో స్త్రీలకు చోటు తక్కువ. ఉన్నచోట కూడా వాళ్లు తరచుగా ఎత్తుకుపోబడేవాళ్లు, వెతకబడేవాళ్లు. సాహసం మగవాళ్ల వ్యవహారం. కథ ఎంత దూరం తిరిగినా చివరికి రాజరికం నిలబడడంతోనే సర్దుకుంటుంది. అడవి మనుషులు వీరులే గాని వాళ్ల గురించి వాడిన మాటల్లో కొన్ని ఈనాడు చెవికి గుచ్చుకుంటాయి. వరసగా చదివితే ఒక కథలోని మలుపు ఇంకో కథలో ఎదురై విసుగు పుట్టిస్తుంది కూడా. నెలకొక భాగంగా చదివే పిల్లలకు ఈ పునరుక్తి తెలియదు, ఒకే సంపుటంగా చదివే పెద్దలకు తెలుస్తుంది. ఇవన్నీ చెప్పవలసినవే. కానీ ఎవరు చెప్పాలి? రచయిత ఎవరో పట్టించుకోని విమర్శకు ఈ లోపాలు ఎత్తిచూపే అర్హత కూడా చాలదు. లోపాలను కూడా రచయిత పేరు మీదే వేయాలి, అప్పుడే అది సాహిత్య చర్చ. పేరులేని రచనను పొగడలేం, తిట్టలేం, ఊరికే వాడుకుంటాం.

చందమామ 2007లో చేతులు మారింది, ఆ తర్వాత కొన్నేళ్లకే ఆగిపోయింది. పత్రిక ఆగిపోయినా కథలు చేతికందుతున్నాయంటే దానికి కారణం పాత సంచికలు బైండు చేయించి దాచినవారూ, వాటిని ఓపికగా స్కాన్ చేసినవారూ. దాసరి పోయాక ‘రచన’ మాసపత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. ఆయన సీరియళ్లు పేరుతో సహా పుస్తకాలుగా వచ్చాయి. హక్కుల చిక్కు ఒకటి ఉంది, దాన్ని చిన్నబుచ్చడం లేదు. స్కాన్ చేసి పంచడం చట్టం దృష్టిలో వేరే సంగతి. కానీ హక్కు ఉన్నవారు భద్రపరచనప్పుడు ప్రేమ ఉన్నవారు భద్రపరచడం లోకంలో కొత్త కాదు. మన ఉత్తరాంధ్రకు దీని విలువ వేరెవరో చెప్పనక్కర్లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టినప్పుడు దాని మూలధనం కూడా ఇలాంటి అభిమానమే. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అది పోకూడదన్న పట్టుదల ఒక మనిషిది, ఇవాళ పరిశోధకులంతా వెళ్లే చోటు అది.

పిల్లల సీరియల్‌కు అలాంటి చోటు ఇంకా ఏర్పడలేదు. ముందుగా కావలసింది సంచికల వారీ పట్టిక: ఏ సీరియల్ ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసింది, బొమ్మలు ఎవరివి, పునర్ముద్రణల్లో ఏం మారింది. దాసరి ఒక్కరితో ఈ పని అయిపోదు. బొమ్మరిల్లు, బాలమిత్ర వంటి పత్రికల్లో రచయిత పేరు లేకుండానో మారుపేర్లతోనో వచ్చిన సీరియళ్లు ఇంకా బైండుల్లో ఉన్నాయి. వాటిని రాసినవారిలో, సంపాదకవర్గాల్లో పనిచేసినవారిలో ఇప్పటికీ మాట్లాడగలవారున్నారు, రోజులు గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత బైండులున్న పాఠకులు పత్రిక పేరు, నెల, సంవత్సరం, సీరియల్ శీర్షిక, బొమ్మ మీది సంతకం రాసి పంపితే ఈ పత్రిక ఆ పట్టికను సంచికకు కొంత చొప్పున అచ్చు వేస్తుంది. రచయిత పేరు కచ్చితంగా తేలనిచోట ఆ గడి ఖాళీగానే ఉంచుతాం.